మధ్య కుర్చీ

ఏడాదికోసారి జరిగే ఆడియో ప్రదర్శన అది. ఆ హోటల్లో మూడో అంతస్తు మొత్తం తీసుకుని, గదుల్లోంచి మంచాలు పంపించేసి, మంచం ఉన్న చోటల్లా స్పీకర్లు నిలబెట్టారు. పంపడానికి చోటు దొరకని పరుపులు కొన్ని స్నానాల గదుల్లో గోడకి చేరగిలబడ్డాయి. వాటివల్ల గదిలో మోత తగ్గుతుందని ఒకాయన అన్నాడు, తగ్గదని ఇంకొకాయన అన్నాడు. ఆ ముక్క మీద ఇద్దరూ వరండాలో అరగంట నిలబడి వాదించుకున్నారు. అక్కడికి వచ్చేవాళ్లంతా ఆ బాపతే.

ప్రతి గదిలోనూ మూడు వరసల కుర్చీలు. మొదటి వరసలో మధ్య కుర్చీకి ఉన్న గిరాకీ మిగతావాటికి లేదు. రెండు స్పీకర్లకీ సమానదూరంలో ఉండే ఆ కుర్చీలో కూర్చుంటేనే పాడే మనిషి ఎదురుగా నిలబడినట్టు ఉంటుంది. పక్క కుర్చీలోకి జరిగితే ఆ మనిషీ పక్కకి జరిగిపోతుంది. అందుకని మధ్య కుర్చీలో ఉన్నవాడు ఎప్పుడు లేస్తాడా అని వెనకవాళ్లు బస్సులో సీటు కోసం చూసినట్టు చూస్తారు. అడక్కుండానే లేచి చోటిచ్చేది ఒక్క మనిషికే.

ఆ మనిషిని అందరూ మాస్టారు అంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. ఇరవై రెండేళ్లుగా ఒక పత్రికలో స్పీకర్ల గురించీ ఆంప్లిఫయర్ల గురించీ నెలనెలా రాస్తున్నాడు, అంతే. ఆయన రాతంటే వీళ్లంతా చెవి కోసుకుంటారు. ఆయన బాగుందన్నది కొంటారు, బాగాలేదన్నది ఇంట్లో ఉన్నా అమ్మేస్తారు.

అలాంటి మాస్టారి చెవులు రెండేళ్ల కిందటే సగం మూతపడ్డాయి. డాక్టరు ఆయన్ని ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, ఒక గీత గీసిన కాగితం చేతిలో పెట్టాడు. ఆ గీత సగం దూరం బుద్ధిగా నడిచి, అక్కణ్నుంచి మెట్లు దిగినట్టు కిందికి దిగిపోయింది. "మీ వయసుకి మామూలే. మాటలకేం ఇబ్బంది లేదు. పిట్టల కూతలు, గంటల మోత లాంటి సన్నవి మాత్రం అందవు" అన్నాడు డాక్టరు. మాస్టారు ఇంటికొచ్చి, చెవిలో గులిమి తీయించుకున్నానని భార్యతో చెప్పాడు. ఆ కాగితం పారేస్తే ఎవరి కంటపడుతుందోనని మడతపెట్టి, తన నోటు పుస్తకం అట్టకున్న జేబులో దాచాడు. డాక్టరు వినిపించేవి ఉత్త కూతలు, సంగీతం వేరు అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. ఆ రెండేళ్లూ పాత జ్ఞాపకాలతోనూ, పక్కవాళ్ల మొహాలు చూసీ రాసుకొచ్చాడు. ఇప్పటిదాకా ఎవరూ పట్టుకోలేదు.

ప్రదర్శన మొదటిరోజు పొద్దున్నే పెద్ద హాల్లోకి వెళ్లాడు. అక్కడి స్పీకర్లు ఆయనకంటే జానెడు ఎత్తున్నాయి. కొత్త కారుకి వేసే రంగు వేసి, మొహం చూసుకునేంత నునుపుగా రుద్దారు. మణికట్టంత లావు తీగలు నేలకి తగలకుండా చిన్న చెక్కపీటల మీద పడుకున్నాయి. ఆంప్లిఫయరు ఇద్దరు మోస్తే గాని కదలదు. దాని ముందున్న నీలం గాజుల వెనక మీటరు ముళ్లు మెల్లగా ఊగుతున్నాయి. దాన్ని చూపించే ఆయన, పక్కగదిలో ఎవరో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

ఆ ఏడాది గదులన్నిట్లోనూ ఒకే పాట తిరుగుతోంది. ఒకావిడ ఒంటరిగా పాడుతుంది. ప్రతి చరణం చివరా ఎవరో ఒక చిన్న గంట కొడతారు. మాస్టారు మధ్య కుర్చీలో కూర్చున్నాడు. మొదటి చరణం అయింది, గంట మోగింది. ఆయనకి వినపడింది! రెండేళ్ల తరవాత వినపడింది. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చుట్టూ కూర్చున్నవాళ్లలో ఇద్దరు మొహం చిట్లించడం ఆ నీళ్లలోంచి మసగ్గా కనపడినా లెక్కచెయ్యలేదు.

"ఇదీ ధ్వని అంటే!" అన్నాడు పైకే.

ఆ మాట విని వెనక వరసలో ఒకాయన చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఆయనకి నాలుగు ఊళ్లలో షోరూములున్నాయి. ఈసారి ఆయన షోరూముల్లో ఇంకో రెండు జతల స్పీకర్లకి చోటుందని అందరికీ తెలుసు. ఒకటి పెద్ద ఖరీదుది, ఒకటి మామూలు ఇళ్లకి సరిపోయేది.

ఆ రెండో చోటు మీదే మాస్టారి బావమరిది ఆశ పెట్టుకున్నాడు. వరండా చివర లిఫ్టు పక్కనున్న గది అతనిది. అంతస్తు మొత్తానికి అదే చిన్న గది. అతను మాస్టారి భార్యకి తమ్ముడు. ఒక షెడ్డులో ట్రాన్స్‌ఫార్మర్లకి రాగి తీగ చుట్టడం అతని పని. తీగ లాగీ లాగీ వేళ్ల చివర్లు గీతలు పడిపోయాయి. పని లేని పూటల్లా కూర్చుని ఆరేళ్లలో ఒక జత స్పీకర్లూ, వాటికి తగ్గ వాల్వు ఆంప్లిఫయరూ తయారుచేశాడు. షోరూముల ఆయన మర్నాడు మూడు గంటలకి వచ్చి వింటానన్నాడు. తీసుకుంటే షెడ్డు నిలబడుతుంది. లేదంటే ఒకటో తారీఖు నుంచి లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం. ఆ ఉద్యోగం కాగితాల మీద సంతకం కూడా పెట్టేసి ఉంచుకున్నాడు.

మాస్టారు ఆ గదికి వెళ్లేసరికి పన్నెండయింది. వెంట ఎప్పుడూ ఉండే నలుగురున్నారు. ఆయన భార్య గుమ్మం దగ్గర బల్ల వేసుకుని, వచ్చినవాళ్ల చేత పుస్తకంలో పేర్లు రాయిస్తోంది. లోపల పది మంది కదలకుండా కూర్చుని వింటున్నారు. ఒక్కళ్లూ ఫోను చూసుకోవడం లేదు.

"కూర్చో బావా" అని బావమరిది మధ్య కుర్చీని జేబురుమాలుతో తుడిచాడు.

మళ్లీ అదే పాట. గొంతు బాగుంది, నిజంగా బాగుంది. చరణం అయిపోయింది. మాస్టారు గంట కోసం చూశాడు. గంట లేదు. రెండో చరణం చివరా లేదు.

ఆ నిమిషంలో ఆయన 'నాకు వినపడలేదు' అనుకుని ఉంటే ఈ కథ లేదు. 'ఇందులో లేదు' అనుకున్నాడు. పైగా వెనక అంతమంది ఉన్నారు. అయినవాడని వెనకేసుకొచ్చాడనే మాట పడకూడదు. తన నిజాయితీ చూసి తనే మురిసిపోయే మనిషి ఎదటివాడిని ఎంత సులువుగా నరుకుతాడో!

"ఒరే, గంట ఏదిరా?" అన్నాడు.

"మోగింది కదా బావా!"

"మోగింది. దుప్పటి కప్పుకుని మోగింది."

గదంతా నవ్వింది. బావమరిది కూడా నవ్వబోయి, సగంలో మానేశాడు.

"మోగిందండీ. నాకు ఇక్కడికి కూడా వినపడింది" అంది భార్య గుమ్మం దగ్గర్నుంచి.

"నువ్వు సంతకాలు పెట్టించుకో" అన్నాడు మాస్టారు. గది మళ్లీ నవ్వింది. ఆవిడ తల దించుకుని పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది.

"నాకు సరిగ్గానే ఉన్నట్టుంది బావా. ముప్ఫైసార్లు మార్చి మార్చి ఇక్కడ ఆపాను" అన్నాడు బావమరిది గొంతు తగ్గించి.

"నీ చేత్తో చేసింది కాబట్టి నీకు లోటు తెలీదు. పై శబ్దాలన్నీ తెరువు. నేను చెప్తున్నాగా!"

ఇరవై రెండేళ్లు తప్పని చెవి చెప్తోంది. బావమరిది జనాన్ని బయటికి పంపించి, తలుపుకి 'పావుగంటలో వస్తాం' అన్న అట్ట తగిలించాడు. స్పీకర్ల వెనక పలక విప్పి, సన్న శబ్దాలు పలికే ట్వీటర్ని అదుపులో ఉంచే రెసిస్టర్లు తీసేసి, తక్కువవి అతికించాడు. పాట పెట్టాడు. ఈసారి గంట మాస్టారి చెవికి తగిలింది.

"అదీ! ఇప్పుడు తెర తొలగింది" అన్నాడు. భార్య చెవి మీద చెయ్యి పెట్టుకోవడం చూశాడు. ఆవిడకి ఇవన్నీ ఏం తెలుస్తాయిలే అనుకుని కాఫీకి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆ గదిలో జనం నిలవలేదు. వచ్చారు, కూర్చున్నారు, రెండు నిమిషాలకి ఏదో గుర్తొచ్చినట్టు లేచారు. మధ్యాహ్నానికి మధ్య కుర్చీ కూడా ఖాళీగా ఉంది. బావమరిది శబ్దం కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చాడు. మాస్టారు అవేం చూడలేదు. పక్కగదుల్లో తిరిగి సరిగ్గా మూడింటికి వచ్చి, షోరూముల ఆయనకి మధ్య కుర్చీ చూపించి, తను పక్కన కూర్చున్నాడు. తన మనిషికి మేలు జరగబోతోందన్న సంతోషం ఆయన మొహంలో వెలిగిపోతోంది.

షోరూముల ఆయన తను తెచ్చుకున్న పాట పెట్టించాడు. అరనిమిషం గడిచింది. ఆయన ఎడమ చెయ్యి పైకి లేచింది. దోమని తోలినట్టు చెవి పక్కన ఊగి, చెవి రుద్ది, మళ్లీ ఒళ్లోకి వచ్చింది. ఇంకో అరనిమిషానికి మళ్లీ లేచింది. వెనక ఉన్న ఒకావిడ బ్యాగు సర్దుకుని బయటికి వెళ్లిపోయింది.

"బాగుంది. మళ్లీ వస్తాను" అని లేచాడాయన. పాట సగం కూడా కాలేదు.

ఆ అంతస్తులో 'మళ్లీ వస్తాను' అంటే ఏమిటో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మాస్టారి కళ్ల ముందు ఇంకా ఆ చెయ్యే ఆడుతోంది. నిన్న పెద్ద హాల్లో మొహం చిట్లించినవాళ్లు ఇప్పుడు గుర్తొచ్చారు. భార్య చెవి మీద పెట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. అన్నీ ఒక్కసారే వరస కట్టాయి.

బావమరిది పాట ఆపాడు. గదిలో ముగ్గురే మిగిలారు. భార్య తలుపు దగ్గరికి వేసింది.

"ఎక్కువైందా బావా?" అన్నాడు బావమరిది.

అప్పటికైనా చెప్పొచ్చు. కానీ నోరు అలవాటైన దారినే పోయింది.

"వాళ్లకి వినడం రాదురా. మెత్తటివాటికి అలవాటు పడ్డ చెవులు" అన్నాడు మాస్టారు. అంటుంటే తన గొంతు తనకే అసహ్యంగా తోచింది.

బావమరిది కుర్చీలో కూలబడి అరచేతుల్తో మొహం రుద్దుకున్నాడు. "అది కాదు బావా. నీకొకటి చెప్పలేదు. నిన్నటినుంచి నాకూ సూదుల్తో పొడిచినట్టే ఉంది. నువ్వేమో బాగుందంటున్నావు. ఇన్నేళ్లలో నీ చెవి తప్పడం నేనెరగను. తప్పితే నాదే తప్పాలి. షెడ్డులో చెక్కలు కోసే రంపం మోత మధ్య నా చెవులే పాడయ్యాయేమోనని భయమేసింది. పొద్దున చెవి డాక్టరుకి ఫోన్ చేశాను. సోమవారం రమ్మన్నారు. అక్కా, ఇంట్లో చెప్పకు, కంగారు పడతారు."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. షోరూముల ఆయన వెళ్లిపోయినందుకు బాధపడ్డాడు గాని, ఇది వేరు. మంచి చెవులున్నవాడు తన మాట నమ్మి ఆ చెవుల్నే అనుమానించుకుంటున్నాడు. దొంగ తను, జేబులు తడుముకుంటున్నది వాడు. సిగ్గుతో ఆయన మెడ, చెవులు కాలిపోయాయి. నోటు పుస్తకం తెరిచి, అట్ట జేబులోంచి ఆ కాగితం తీసి బావమరిది చేతికిచ్చాడు. మడతల దగ్గర చిరిగిపోబోతోంది.

"నువ్వు వెళ్లక్కర్లేదురా. నేను వెళ్లొచ్చాను. రెండేళ్లయింది" అన్నాడు.

గీతలు చదవడం బావమరిదికి రోజూ పనే. వేలు పెట్టి ఆ గీత వెంట నడిచి, అది మెట్లు దిగే చోట ఆగాడు.

"మరి నిన్న ఎందుకన్నావు బావా?"

"గంట వినపడలేదు. వినపడలేదని చెప్పడానికి సిగ్గేసింది. అందుకని నీ స్పీకరు మీదకి నెట్టేశాను."

బావమరిది అరవలేదు. అరిచి ఉంటే మాస్టారికి కొంచెం తేలికయ్యేది. "ఆరేళ్లు బావా" అన్నాడు, అంతే. లేచి, చొక్కా జేబులోంచి కాగితంలో చుట్టిన రెసిస్టర్లు తీశాడు. "పారెయ్యబుద్ధి కాలేదు" అని, సోల్డరింగు కడ్డీ వేడెక్కడానికి పెట్టాడు.

మాస్టారు భార్య వైపు తిరిగాడు. ఆవిడ ఆ కాగితం వైపు చూడనైనా లేదు.

"నీకు తెలుసా?"

"పొద్దున పాలు వేడెక్కాక ఆ మైక్రోవేవ్ పెట్టె కుయ్యి కుయ్యిమని మొత్తుకున్నా మీరు పేపర్లోంచి తలెత్తరు. తెలీకుండా ఎలా ఉంటుంది?"

"మరి అడగలేదేం?"

"గులిమి అన్నారుగా" అంది ఆవిడ.

పలక బిగించి, బావమరిది పాట పెట్టాడు. చరణం అయ్యాక, అలవాటు కొద్దీ తల తిప్పి, "ఎలా ఉంది బావా?" అన్నాడు. అనేసి నాలిక్కరుచుకున్నాడు.

"నాకు తెలీదురా. మీ అక్కనడుగు" అన్నాడు మాస్టారు. ఆ రెండు ముక్కలూ అనడానికి ఇరవై రెండేళ్లు పట్టింది.

అక్క వచ్చి మధ్య కుర్చీలో కూర్చుంది. ఆవిడ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. కాసేపు విని, "ఇప్పుడు గుచ్చుకోవట్లేదు. నిన్న పొద్దున ఇలాగే ఉంది" అంది.

మాస్టారు గది బయటికి వచ్చి వరండా పొడుగునా నడిచాడు. ఆ వరండా అంత పొడుగని ఆయనకి తెలీదు. ఎదురైనవాళ్లు నమస్కారం పెడుతున్నారు, ఆయన నేల చూపులు చూస్తూ పోతున్నాడు. కాఫీలిచ్చే చోట షోరూముల ఆయన బల్ల ముందు కూర్చున్నాడు. చుట్టూ మాస్టారి వెంట తిరిగే నలుగురూ ఉన్నారు. మాస్టారిని చూసి ఒకడు లేచి కుర్చీ ఇచ్చాడు. ఆయన కూర్చోలేదు.

"మా బావమరిది గదికి మీరు ఇంకోసారి రావాలి. మీరు విన్నది అతను చేసిన స్పీకరు కాదు, నేను పాడుచేసింది" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి చెవుల సంగతి చెప్పాడు, డాక్టరు సంగతి చెప్పాడు, రెండేళ్లని చెప్పాడు.

"మాస్టారు హాస్యమాడుతున్నారు" అని ఒకడు నవ్వాడు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

షోరూముల ఆయన తన చిన్న పుస్తకం తెరిచాడు. "నిన్న పెద్ద హాల్లో 'ఇదీ ధ్వని' అన్నారే?"

"నా చెవికి అందేటంత పదునుగా ఉంది కాబట్టి అన్నాను. మిగతావాళ్లకి అది ఎలా ఉంటుందో నాకు తెలీదు."

ఆయన ఆ పేజీలో ఏదో కొట్టేశాడు. అప్పుడు, ఆ నలుగురిలో ఇంతసేపూ మాట్లాడని ఒకాయన నోరు తెరిచాడు. బ్యాంకులో ఆఫీసరు. మాస్టారి ప్రతి రాతా కత్తిరించి దాచుకునే మనిషి.

"పోయినేడు మీరు రాసింది చదివి నేనొక జత కొన్నాను మాస్టారూ" అన్నాడు మెల్లగా. "నేను పాట పెట్టగానే మా అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. చెవుల్లో పొడుస్తోందిరా అంటుంది. నీకు సంగీతం తెలీదమ్మా అని ఏడాది పొడుగునా విసుక్కున్నాను."

మాస్టారు చేతులు జోడించబోయాడు. అదీ ఒక వేషంలా అనిపించి దించేశాడు. "మీ అమ్మగారికి తెలుసు. నాకే తెలీలేదు" అన్నాడు.

ఎవరూ తిట్టలేదు. అందరూ కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

"ఇదంతా మీ పత్రికలో రాస్తారా?" అన్నాడు షోరూముల ఆయన.

"ఈ నెలే రాస్తాను. అదే ఆఖరుది."

ఆయన కప్పు కింద పెట్టి లేచాడు. "పదండి, విందాం."

గదికి తిరిగొచ్చేసరికి వెనక నలుగురూ కూడా వచ్చారు. బ్యాంకు ఆఫీసరు అందరికంటే చివర నడిచాడు. షోరూముల ఆయన మధ్య కుర్చీలో కూర్చున్నాడు. మాస్టారికి ఎవరో పక్క కుర్చీ చూపించారు. ఆయన లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే ఆగి, బల్ల వెనక భార్య పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. తలుపు దగ్గర్నుంచి ఏం తెలుస్తుందని నిన్న నవ్వినవాళ్లే ఇప్పుడు ఆయన వైపు చూడకుండా సర్దుకుంటున్నారు.

పాట మొదలైంది. మాస్టారు షోరూముల ఆయన ఎడమ చెయ్యి మీదే కళ్లు పెట్టుకున్నాడు. చెయ్యి మోకాలి మీద ఉంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. లేవలేదు. బావమరిది గోడకి ఆనుకుని, అక్క మొహంలోకి చూస్తున్నాడు. నిన్నటిదాకా బావ మొహంలోకి అలాగే చూసేవాడు.

చరణం చివరికి వచ్చింది. పాడే ఆవిడ ఆగింది. గదిలో ఎవరూ కదల్లేదు.

"ఇదిగో గంట" అంది భార్య ఆయన చెవి దగ్గరికి వంగి. "ఎంత సన్నగా ఉందో! ఇంకా మోగుతూనే ఉంది. మీకు వినపడిందా?"

ఆయన అలవాటుగా తల ఊపబోయి, ఆగాడు.

"లేదు" అన్నాడు.